రెండు కొసలూ కట్టిన తాడు

పాపకూర అనే ఊరు దాటి కొండల వైపు పోతే, పచ్చిక బీళ్ళ పక్కగా సాగి మానుకా పొదల్లోకి దూరే మట్టి బాట ఒకటి ఉంది. గుర్రాల మీద పోయేవాళ్ళకీ, కాలినడకన పోయేవాళ్ళకీ తప్ప అది ఇంకెవరికీ కాదు. ఆ మాట చెప్పడానికి బాట మొదట్లో ఒక బోర్డు ఉండేది. దాన్ని ఎన్నిసార్లు పాతారో అన్నిసార్లు పీకేశారు. ఒకసారి పీకినవాళ్ళు దాన్ని బురదలో పరిచి, పైనుంచే బళ్ళు పోనిచ్చారు. బోర్డు మీది గుర్రం మొహాన టైరు అచ్చు పడింది.

కిందటి చలికాలమంతా, ఈ దేశంలో అది జూన్ నుంచి ఆగస్టు దాకా, మా అల్లుడు రవిచంద్రకి ఆ బాట తప్ప వేరే ధ్యాస లేదు. అందుకు కారణం మా మనవరాలు అక్షయ.

అక్షయకి పన్నెండేళ్ళు. ఇక్కడే పుట్టింది. తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు చెబుతుంది. ఆ పిల్లకి గుర్రాల పిచ్చి ఎవరి నుంచి వచ్చిందో తెలియదు. మా వంశంలో గుర్రం ఎక్కింది మా తాత ఒక్కడే, అదీ పెళ్ళికొడుకుగా. దాన్ని ఆపడం తెలియక పెళ్ళివారి ఊరు దాటిపోయి ఇంకో ఊళ్ళో తేలాడట, అక్కడివాళ్ళు మర్యాదస్తులు కనక ఉన్న పిల్లనే ఇచ్చి చేశారట. ఈ సంగతి చెబితే మా అమ్మాయి అమృత, "నాన్నా, పిల్ల నిజమనుకుంటుంది" అని విసుక్కుంది. పిల్ల నిజమనుకోలేదు. ఆ తాతగారి గుర్రం పేరేమిటని మాత్రం అడిగింది.

బాట మొదట్లో గ్లెనిస్ అనే కివీ ఆవిడ ఉంటుంది. డెబ్భై దాటాయి. ఆదివారాలు పిల్లలకి స్వారీ నేర్పుతుంది. బిస్కట్ అని ఒక పొట్టి గోధుమరంగు గుర్రాన్ని అక్షయకి అప్పగించింది. రవిచంద్ర ఎయిర్‌పోర్టు దగ్గర ఒక గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. చదువుకోడానికి వచ్చి సెటిల్ అయినవాడు. వారమంతా ఆ ఇనపబండి మీద కూర్చుని, ఒక్క సెలవురోజునా గుర్రపులద్ది ఎత్తడానికి వచ్చేవాడు. కూతురు వెన్ను నిటారుగా పెట్టి గుర్రం మీద పోతుంటే, పార పట్టుకుని అలాగే నిలబడిపోయేవాడు.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం, పొదల్లోని వంపు దగ్గర, వెనకనుంచి ఒక మోటారు బండి దూసుకొచ్చింది. అడవుల్లో గెంతించుకునే రకం బండి, దానికి నంబరు పలక ఉండదు. బిస్కట్ బెదిరి ముందుకాళ్ళు లేపింది. అక్షయ రాళ్ళ మీద పడింది. బండివాడు వెనక్కి కూడా చూడలేదు.

భుజం దగ్గర ఎముక విరిగింది. పిల్లల ఎముకలు త్వరగానే అతుక్కుంటాయి. కట్టు విప్పాక బిస్కట్ దగ్గరికి తీసుకెళితే మాత్రం, అక్షయ దాని మెడ నిమిరి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. ఎక్కలేదు. తర్వాత వారం కారు దిగలేదు. ఆ తర్వాత వారం రానంది.

"ఆ చప్పుడు మళ్ళీ వస్తే?" అని అడిగింది తండ్రిని.

"రాదు. నువ్వు మళ్ళీ ఎక్కేనాటికి ఆ బాట మీద మోటారు చప్పుడు వినపడకుండా చేసే పూచీ నాది" అన్నాడు రవిచంద్ర.

అన్నవాడు అన్నట్టే దిగాడు. గ్లెనిస్‌తోనూ ఆ బాట చూసుకునే కమిటీవాళ్ళతోనూ కలిసి బోర్డులు మళ్ళీ పాతాడు. గేటుకి గొలుసు వేశారు, కోసేశారు. పోలీసులకి ఫోన్ చేస్తే వాళ్ళు మర్యాదగానే విన్నారు, కానీ నంబరు లేని బండిని ఎక్కడని వెతుకుతారు? వచ్చేసరికి బురదలో గాడి, గాలిలో పెట్రోలు వాసన మిగిలేవి. అప్పుడు వంతులేసుకుని ఆదివారాలు గేటు దగ్గర కాపలా కూర్చోవడం మొదలెట్టారు. నేనూ రవిచంద్రతో వెళ్ళేవాణ్ణి. గ్లెనిస్ ఫ్లాస్కులో టీ తెచ్చేది. పాలు తక్కువ, పంచదార అసలే లేదు.

"ఈ టీ వాళ్ళకి పోయండి, ఇంక ఈ చుట్టుపక్కలకి రారు" అన్నాన్నేను. రవిచంద్ర దాన్ని ఇంగ్లీషులోకి మార్చి చెప్పాడు, ఎంత మెత్తగా మార్చాడో తెలియదు. ఆవిడ నవ్వి నాకు ఇంకో కప్పు పోసింది.

కాపలా సంగతి తెలిసి బళ్ళవాళ్ళు గేటు వైపు రావడం మానేశారు. అవతలి కొసన పైన్ చెట్ల తోట ఉంది, అటునుంచి దూరడం మొదలెట్టారు. అంత పొడుగు బాటకి రెండువైపులా కాయడానికి మనుషులు చాలరు.

తిరిగి వచ్చేటప్పుడు కారులో రవిచంద్ర నోరు విప్పేవాడు కాదు. మాట్లాడించాలని నేనే ఏదో ఒకటి ఎత్తుకునేవాణ్ణి. ఒకరోజు అన్నాను:

"అల్లుడుగారూ, మనవాళ్ళకైతే ఇదొక లెక్కా? వినాయకచవితికి రోడ్డుకి అడ్డంగా తాడు పట్టుకుంటే లారీ అయినా ఆగాల్సిందే. మా ఊరి తాడు దగ్గర ఆర్టీసీ బస్సు ఆగింది, కలెక్టరు జీపు ఆగింది. తుపాను గాలి కూడా ఒక నిమిషం ఆగి, చందా ఇచ్చి, రసీదు తీసుకుని మరీ పోయింది."

రవిచంద్ర చాలా రోజుల తర్వాత నవ్వాడు. "మేమూ పట్టాం మామయ్యగారూ. మా వీధిలో తాడు పట్టే డ్యూటీ నాదే. ఎంత స్పీడుగా వచ్చినవాడైనా తాడు చూసి బ్రేకేసేవాడు. తిట్టుకుంటూ దిగేవాడు."

"మరి తిట్టడా? ఒకే రోజు నాలుగు వీధుల్లో నాలుగు వినాయకులు."

ఇద్దరం నవ్వుకున్నాం. ఇంటికొచ్చాక అమృతకి కూడా చెప్పి నవ్వాం. అక్షయ తన గదిలోంచి రాలేదు.

ఆగస్టులో ఒక ఆదివారం, గ్లెనిస్ గేటు దగ్గర ఉంటే, మేమిద్దరం కారులో చుట్టూ తిరిగి పైన్ తోట వైపు వెళ్ళాం. అక్కణ్ణించి నడక. వాన వెలిసి ఎండ వచ్చింది కానీ, పొదల కింద ఇంకా మసకగానే ఉంది. వంపు దగ్గర నన్నొక మోడు మీద కూర్చోబెట్టి, రవిచంద్ర సంచిలోంచి తాడు తీశాడు. ట్రాలీల మీద సరుకు కట్టే నీలంరంగు నైలాను తాడు.

"చందా పుస్తకం తెచ్చారా అల్లుడుగారూ?" అన్నాను.

"ఫోన్ తెచ్చాను. ఆగినవాణ్ణి ఆగినట్టు ఫొటో తీస్తాను. హెల్మెట్ తీయమంటాను. మొహం దొరికితే పోలీసులకి చాలు."

ఒక కొస చెట్టుకి కట్టాడు, తన రొమ్ము ఎత్తున. రెండోది పట్టుకుని బాట దాటి, అవతలి చెట్టుకి కూడా చుట్టి ముడేశాడు. ఆ ముడి చూశాక నాకు నవ్వు రాలేదు.

"ఆ కొస చేత్తో పట్టుకోండి. మనవాళ్ళు రెండోది ఎప్పుడూ కట్టరు. ఆగకపోతే వదిలేయాలి కదా."

"ఫొటో తీయడానికి చెయ్యి కావాలి మామయ్యగారూ. వాడు దూరం నుంచే చూస్తాడు. ఇంత నీలం తాడు కనపడదా?"

"పోనీ నేను పట్టుకుంటా."

"మీ చేతులకి పట్టు లేదు. లాగేసుకుపోతే మీరు పడిపోతారు. కూర్చోండి."

నా చేతుల సంగతి నిజమే. నేను కూర్చున్నాను.

చాలాసేపు పిట్టల అరుపులే. తర్వాత పైన్ తోట వైపునుంచి చప్పుడు మొదలైంది. ముందు తేనెటీగలా, తర్వాత రంపంలా. రవిచంద్ర ఫోన్ పట్టుకుని తాడు పక్కనే నిలబడ్డాడు. చప్పుడు దగ్గరికొస్తోంది. మన రోడ్ల మీద అయితే అలాంటి మలుపు ముందర ఎంతటివాడైనా గేరు మారుస్తాడు. ఈ చప్పుడు మారలేదు. ఇంకా పెరిగింది.

రవిచంద్ర ఒకసారి తాడు వైపు చూశాడు. నేనూ చూశాను. పొదల నీడలో, నేను కూర్చున్న చోటికే ఆ నీలం సరిగ్గా ఆనడం లేదు.

ఫోన్ కింద పడేసి ముడి మీదికి దూకాడు. వానకి తడిసిన నైలాను బిగుసుకుంది. రెండు చేతులతోనూ లాగాడు, గోళ్ళతో పీకాడు, పళ్ళతో పట్టాడు. రాలేదు. వదిలేసి, చప్పుడుకి ఎదురుగా పరిగెత్తాడు.

బండి మీది పాపని చూసి పరిగెత్తాడని తర్వాత చాలామంది అన్నారు. అది నిజం కాదు. అప్పటికి బండే కనపడలేదు, దాని మీద ఎవరున్నారో ఎలా తెలుస్తుంది? మలుపు దగ్గర బాట మధ్యన రెండు చేతులూ చాచి నిలబడ్డాక, అప్పుడు కనపడింది. మోటారు బండి, దాని మీద ఒక భారీ మనిషి, అతని చేతుల మధ్య, ముందు ట్యాంకు మీద, గులాబీరంగు హెల్మెట్ పెట్టుకున్న చిన్నపిల్ల.

అతను బ్రేకు తొక్కాడు. బండి బురదలో పక్కకి జారి, రవిచంద్ర కాళ్ళని కొట్టుకుంటూ పొదలోకి పోయి పడింది. కర్ర విరిగినట్టు ఒక చప్పుడు వినపడింది. ఇంజను ఆగిపోయింది. పిల్ల ఏడుపు లంకించుకుంది.

నేను చెట్లు పట్టుకుని పట్టుకుని అక్కడికి వెళ్ళేసరికి, అతను పిల్లని ఒళ్ళంతా తడిమి చూస్తున్నాడు. మోచెయ్యి గీరుకుంది, అంతే. తర్వాత రవిచంద్ర వైపు తిరిగి అరిచాడు. మతి ఉందా, చచ్చిపోదామనుకున్నావా అని, నాకు అర్థమైనంతలో. రవిచంద్రకి మోకాలి కింద కాలు ఒక పక్కకి తిరిగిపోయి ఉంది. నొప్పితో మొహం తెల్లబడిపోతున్నా, వెనక్కి చెయ్యి చూపిస్తున్నాడు.

అతను ఆ చెయ్యి చూపించిన వైపు నడిచాడు. తాడు దగ్గర ఆగాడు. దాని మీద అరచెయ్యి ఆనించాడు. పడిపోయిన బండి వంక చూశాడు, పిల్ల వంక చూశాడు, మళ్ళీ తాడు వంక చూశాడు. అక్కడే బురదలో కూర్చుండిపోయాడు.

అతని పేరు డారెన్. నీళ్ళ పైపులు బాగుచేసే పని. కూతురికి ఐదేళ్ళట, పుట్టినరోజు కానుకగా ఒక రౌండు తిప్పమని అడిగిందట. ఇదంతా అంబులెన్సు కోసం చూస్తున్నప్పుడు అతనే చెప్పాడు, రవిచంద్ర తల తన ఒళ్ళో పెట్టుకుని, తన జాకెట్టు అతని మీద కప్పి. మాట మాటకీ, "నువ్వు లేకపోతే నా బిడ్డ లేదు" అంటున్నాడు.

ఫోన్ అందుకుని గ్లెనిస్ తన గుర్రం మీద వచ్చింది. తాడు చూసింది. జేబులోంచి చాకు తీసి, రెండు కొసలూ కోసి, తాడు చుట్టచుట్టి నేల మీద పెట్టింది. చాకు మడవడానికి మాత్రం ఆవిడకి చాలాసేపు పట్టింది.

అంబులెన్సుతో పాటు పోలీసు ఆఫీసరు ఒకమ్మాయి వచ్చింది. డారెన్ లేచి నిలబడి ఆమెతో చెప్పాడు.

"ఎవడో పాపిష్టివాడు ఈ తాడు కట్టాడు. ఈ మనిషి తన ప్రాణం అడ్డంపెట్టి నా బిడ్డని ఆపాడు. నేనిక్కడ బండి నడపకూడదు, నాకు తెలుసు. నామీద ఏం రాసుకుంటారో రాసుకోండి. ముందు ఇతని సంగతి రాయండి."

ఆ అమ్మాయి నా వైపు తిరిగింది. మీరు చూశారా అంది. చూశాను అన్నాను. నాకున్న ఇంగ్లీషంతా కూడదీసుకున్నాను. మా అల్లుడు పులిలా పరిగెత్తాడన్నాను. మేము వచ్చేసరికే తాడు ఉందన్నాను. పొదల్లోంచి ఎవరో పారిపోవడం కూడా చూశానన్నాను. పొడుగు మనిషి, ఎర్రచొక్కా. మాట వెనక మాట దానంతటదే వస్తోంది. ఆ అమ్మాయి తలూపుతోంది. నమ్మినట్టే ఉంది. ఇంకొక్క నిమిషం ఉంటే ఆ ఎర్రచొక్కావాడికి మీసాలు కూడా పెట్టేవాణ్ణి.

"మామయ్యగారూ" అన్నాడు రవిచంద్ర స్ట్రెచరు మీదనుంచి. "చాలు. ఆపేయండి."

"మీరు పడుకోండి. నేను మాట్లాడుతున్నానుగా" అన్నాను తెలుగులో. "నాలుగు మాటలతో పోయేది. పిల్ల బాగానే ఉంది. అక్షయ కోసమైనా ఊరుకోండి."

"అక్షయకి నేనేం చెప్పను?"

అతను ఆఫీసరు వైపు తిరిగి ఇంగ్లీషులో, నిదానంగా, ఒక్కొక్క మాటే చెప్పాడు. తాడు కట్టింది నేనే. బళ్ళు ఆగుతాయనుకున్నాను. ఎవరినీ చంపాలనుకోలేదు. కానీ కట్టింది నేనే.

అప్పటిదాకా డారెన్ అతని చెయ్యి పట్టుకునే ఉన్నాడు. వదిలేశాడు. కొట్టలేదు, తిట్టలేదు. రవిచంద్ర మీద కప్పిన తన జాకెట్టు తీసుకుని, దాన్ని పిల్లకి చుట్టి, ఎత్తుకుని, బండి అక్కడే వదిలేసి పైన్ తోట వైపు నడిచి వెళ్ళిపోయాడు.

మర్నాడు హాస్పిటల్‌కి అక్షయని తీసుకెళ్ళాం. కాలికి ఆపరేషన్ అయింది. తాడు సంగతి అప్పటికి ఆ పిల్లకి తెలియదు. అమృత చెప్పలేకపోయింది, నేను చెప్పబోతే, "నువ్వు చెప్పకు నాన్నా, నీ నోట్లో పడితే అది ఇంకేదో అవుతుంది" అంది. రవిచంద్రే చెప్పాడు. ఏమీ తగ్గించలేదు.

అక్షయ మంచం పక్కన నిలబడి విన్నది.

"ఎంత ఎత్తున కట్టావు?" అని అడిగింది.

అతను పడుకునే చెయ్యెత్తి చూపించాడు.

"ఆ పాపకి ఎక్కడ తగిలేది?"

రవిచంద్ర చెయ్యి తన మెడ దాకా వెళ్ళి ఆగింది.

"నా కోసం కట్టావా?"

"అవును."

"నేను అడగలేదు" అంది అక్షయ. తెలుగులో అంది. ఆ పిల్ల నోట తెలుగు వాక్యం విని ఎన్నాళ్ళయిందో. వినాల్సిన వాక్యం మాత్రం అది కాదు.

కేసు నడిచింది. తనంతట తానే ఒప్పుకున్నాడనీ, ముందెప్పుడూ ఏ తప్పూ లేదనీ జైలు తప్పింది. నెలల తరబడి సమాజసేవ చేయమన్నారు. డారెన్‌కి క్షమాపణ రాయమన్నారు, రాశాడు. జవాబు రాలేదు. రావాలని అతను ఎదురుచూడనూ లేదు. డారెన్‌కీ జరిమానా పడిందని విన్నాం. మనవాళ్ళ సరుకుల షాపులో కనపడినవాళ్ళు కొందరు, "బాగా పని చేశావన్నా, ఆ బళ్ళవాళ్ళకి బుద్ధి రావాలి" అని భుజం తట్టబోతే, రవిచంద్ర సరుకులు కౌంటరు మీదే వదిలేసి బయటికొచ్చాడు.

కమిటీలో అతన్ని ఉంచాలా వద్దా అని వాదన జరిగింది. గ్లెనిస్ ఇంటికొచ్చి సంగతి చెప్పింది.

"నిన్ను కాపలాకి ఇంక రానివ్వరు. నేనూ రానివ్వను. గుంటలు తవ్వడానికి మనిషి కావాలి. కాలు బాగయ్యాక రా."

బాటకి రెండు కొసల్లోనూ అడ్డుదుంగలు వేయాలని అప్పటికే అనుకుంటున్నారు. మోకాలి ఎత్తున లావుపాటి దుంగలు, ఒకదాని తర్వాత ఒకటి, మధ్య గుర్రం అడుగు పట్టేంత ఎడం. గుర్రం కాళ్ళెత్తి దాటుతుంది. మోటారు బండి దాటలేదు. తెల్లరంగు వేస్తారు, దూరంనుంచి గుడ్డివాడికైనా కనపడేట్టు. ముందు గజాల కొద్దీ బాట చదును చేసి, అడ్డు ఉందని బోర్డు పెడతారు. ఇది ఎంత పనో నేను చూశాను. రాతినేల. గునపం దిగదు. రవిచంద్ర విరిగి అతికిన కాలిని పక్కకి చాపుకుని, కూర్చుని తవ్వాడు.

బళ్ళు పూర్తిగా మానలేదు. ఒకడు పలకలు తెచ్చి దుంగల మీద వేసి ఎక్కించబోయాడట, బండి ఇరుక్కుపోయి దాన్ని అక్కడే వదిలి పోయాడు. పోలీసులు వచ్చి తీసుకెళ్ళారు. ఇది నేను కల్పించింది కాదు, గ్లెనిస్‌ని అడగొచ్చు.

నవంబరులో గేటు వైపు దుంగలు వేయడం పూర్తయింది. ఆ ఆదివారం అక్షయ మాతో వచ్చింది. రమ్మని ఎవరూ అనలేదు. కారులోనే కూర్చుంది, అద్దం దించుకుని. గ్లెనిస్ బిస్కట్‌ని నడిపించుకొచ్చింది, దుంగలు దాటించి చూద్దామని. బిస్కట్ దుంగని వాసన చూసి, చెవులు వెనక్కి వాల్చి, కాళ్ళు పాతేసింది. గ్లెనిస్ బతిమాలింది. నేనూ నా భాషలో బతిమాలాను. కదల్లేదు.

కారు తలుపు చప్పుడైంది. అక్షయ దిగి వచ్చి, గ్లెనిస్ చేతిలోంచి పగ్గం తీసుకుంది. తండ్రి అక్కడే, చివరి దుంగ పక్కన, మోకాలి మీద కూర్చుని గుంటలో మట్టి దట్టిస్తున్నాడు. అతను తలెత్తలేదు. ఆ పిల్ల ముందు తను దుంగ దాటింది. ఆగింది. పగ్గం లాగలేదు, వదులుగా పట్టుకుని నిలబడింది. బిస్కట్ ఒక కాలు ఎత్తింది, దించింది, మళ్ళీ ఎత్తి అవతల పెట్టింది. తర్వాత మిగిలినవి.

ఇద్దరూ రవిచంద్రని దాటుకుని బాట వెంట పోయారు.

"ఎక్కిందా మామయ్యగారూ?" అన్నాడు అతను, మట్టి వంకే చూస్తూ.

"లేదు. పక్కన నడుస్తోంది."

రవిచంద్ర తలూపి, ఇంకో దోసెడు మట్టి పోసి, గునపం మొండితో మెల్లగా దట్టించడం మొదలెట్టాడు.